ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగమంటే: కఠిన అబార్షన్ చట్టాలు ప్రసూతి వార్డులో ఏం చేస్తాయి

కఠినమైన అబార్షన్ చట్టాల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఒక మినహాయింపు ఉంటుంది: తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే గర్భం తీసేయవచ్చు. చదివేవారికి అది చాలుననిపిస్తుంది. ప్రసూతి వార్డులో పనిచేసేవారికి మాత్రం అసలు చిక్కు ఆ వాక్యంలోనే ఉందని తెలుసు. ముప్పు ఎంత దగ్గరికి వస్తే ముప్పు కింద లెక్క? ఇన్ఫెక్షన్ రాబోతోందని తెలిసినప్పుడా, జ్వరం మొదలయ్యాకా, బీపీ పడిపోయాకా? ప్రసూతి వైద్యమంతా మొదటి దశలోనే చేయి వేయడం మీద నిలబడింది. చట్టానికి భయపడి మూడో దశ దాకా ఆగితే, ఆ మధ్య గడిచిన గంటలు తల్లి గర్భసంచినీ, కిడ్నీలనీ, ఒక్కోసారి ప్రాణాన్నీ తీసుకుపోతాయి.

అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24న రద్దు చేసి, నిషేధించాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలేసింది. ఆ తర్వాత ఈ ప్రశ్న టెక్సస్ రాష్ట్రంలోని డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కాపురముంటున్న వేలాది తెలుగు కుటుంబాలకూ సొంత ప్రశ్న అయింది. వాళ్లలో చాలామంది ఇది అబార్షన్ కోరుకునేవారి సంగతి అనుకుంటారు. కానీ కోరి కన్న కలలు మధ్యలో చెదిరినవారికీ ఈ చట్టం ఎదురుపడుతోంది.

ఉమ్మనీరు ముందే పోతే

అన్నిటికన్నా స్పష్టంగా అర్థమయ్యే ఉదాహరణ ఇది. పదహారో వారం నుంచి ఇరవై రెండో వారం మధ్యలో నొప్పులేమీ లేకుండానే ఉమ్మనీటి సంచి చిట్లి నీరంతా పోతుంది. బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కానీ ఊపిరితిత్తులు ఎదగాలంటే ఉమ్మనీరు కావాలి. ఇంత ముందుగా అది పోతే బిడ్డ బతికి బయటపడే అవకాశం చాలా తక్కువ. పైగా సంచి చిట్లితే యోని నుంచి గర్భసంచిలోకి క్రిములు పాకకుండా ఇన్నాళ్లూ ఉన్న అడ్డు పోయినట్టే.

ఇలాంటప్పుడు చట్టం అడ్డులేని చోట డాక్టరు రెండు దారులూ తల్లి ముందు పెడతారు. ఒకటి, వెంటనే గర్భం తీసేయడం: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు ఇచ్చి, 24 నుంచి 48 గంటల తర్వాత మిసోప్రోస్టాల్ 400 మైక్రోగ్రాముల చొప్పున మూడు గంటలకోసారి ఇస్తారు. తొందర ఉంటే మిసోప్రోస్టాల్‌తోనే మొదలుపెడతారు, లేదా గర్భాశయ ముఖద్వారం తెరిచి శస్త్రచికిత్సతో ఖాళీ చేస్తారు. రెండోది, ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉంటూ కొన్నాళ్లు చూడటం. కొందరు తల్లులు రెండోదే ఎంచుకుంటారు. తెలిసి, ఒప్పుకుని, పర్యవేక్షణలో ఎదురుచూడటం ఒక వైద్యమే. వేరే దారి లేక ఎదురుచూడాల్సి రావడం వేరు.

ఎదురుచూసేటప్పుడు వెతికే గుర్తులు ఇవీ: 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తల్లి పల్స్ 100 పైన, బిడ్డ గుండె వేగం 160 పైన, పొత్తికడుపు నొక్కితే నొప్పి, దుర్వాసన వేసే స్రావం, పెరుగుతున్న తెల్లరక్తకణాలు. వీటిలో రెండు మూడు కలిసి కనబడేసరికే ఇన్ఫెక్షన్ మాయకూ పొరలకూ పట్టేసి ఉంటుంది. అక్కడి నుంచి సెప్సిస్‌కు, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినే స్థితికి, గంటల దూరమే. యాంటీబయాటిక్స్ ఎంత గట్టివి ఎక్కించినా సరిపోవు. ఇన్ఫెక్షన్‌కు మూలమైన మాయ, పొరలు లోపల ఉన్నంతకాలం క్రిములు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. మూలాన్ని తీసేయడం సెప్సిస్ చికిత్సలో సగం పని. సెప్టిక్ షాక్ అనుమానం వస్తే గంట లోపు యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయంటే గంటల విలువ అర్థమవుతుంది.

గర్భిణుల్లో ఇంకో మోసం ఉంది. వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలి శరీరం చాలాసేపు తట్టుకుంటుంది. బీపీ నిలబడే ఉంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ‘ఇంకా బాగానే ఉంది కదా’ అని రాసుకున్న కేస్ షీటు మీద సిరా ఆరకముందే ఐసీయూకి తరలించాల్సి వస్తుంది. మినహాయింపు వర్తించే ఘడియ కోసం కాచుకుని కూర్చోవడం ఇందుకే పనికిరాదు.

గాల్వే, 2012 అక్టోబరు

ఈ గంటల లెక్క పూర్తిగా రికార్డయిన కేసు సవిత హలప్పనవర్‌ది. కర్ణాటక నుంచి వెళ్లి ఐర్లండ్‌లో స్థిరపడిన 31 ఏళ్ల డెంటిస్టు. పదిహేడో వారంలో నడుం నొప్పితో అక్టోబరు 21న గాల్వే యూనివర్సిటీ ఆసుపత్రికి వెళ్లారు. గర్భం నిలవదని అప్పుడే తేలింది. ఆ రాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. గర్భం తీసేయమని భార్యాభర్తలు అడిగారు. బిడ్డ గుండె కొట్టుకుంటున్నందున వీలుకాదన్నారు. 24వ తేదీ తెల్లవారేసరికి జ్వరం 39.6 డిగ్రీలు, పల్స్ 160, దుర్వాసనతో స్రావం. ఆ మధ్యాహ్నం గర్భం దానంతటదే పోయింది. 28న ఆమె సెప్టిక్ షాక్‌తో చనిపోయారు.

ఆసుపత్రి తప్పులు ఇందులో లేకపోలేదు. చేరిన రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగి ఉన్న ఫలితాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పల్స్, జ్వరం వేళకు చూడలేదు. ప్రొఫెసర్ సబారత్నం అరుల్‌కుమారన్ నాయకత్వంలోని విచారణ వీటన్నిటినీ ఎత్తిచూపింది, వాటితోపాటు చట్టం గురించిన ఆలోచన వైద్య నిర్ణయాన్ని ప్రభావితం చేసిందనీ చెప్పింది. 2013 ఏప్రిల్‌లో జరిగిన ఇన్‌క్వెస్టులో (మరణ కారణంపై జరిపే అధికారిక విచారణ) సీనియర్ ప్రసూతి నిపుణుడు పీటర్ బాయ్లన్ ఇచ్చిన వాంగ్మూలం ఇంకా సూటిగా ఉంది. సోమ, మంగళవారాల్లో (22, 23 తేదీల్లో) గర్భం తీసేసి ఉంటే ఆమె బతికి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ రోజుల్లో ప్రాణాపాయం కనబడటం లేదు గనుక చట్టం ఒప్పుకోదు. చట్టం ఒప్పుకునే బుధవారం నాటికి ఆలస్యమైపోయింది.

చట్టాన్నీ ఆసుపత్రి నిర్లక్ష్యాన్నీ విడదీసి, ‘తప్పు డాక్టర్లదే, చట్టానిది కాదు’ అని వాదించేవారు ప్రతి దేశంలోనూ ఉన్నారు. కానీ ఏమీ చేయడానికి వీల్లేదని ముందే అనుకున్న చోట కనిపెట్టుకుని ఉండటం కూడా సడలుతుంది. ఎంత తొందరగా గుర్తిస్తే అంత తొందరగా చేయవచ్చన్న ఆశే నర్సును గంటగంటకూ పల్స్ చూడమని పురమాయిస్తుంది. ఐర్లండ్ 2018 మే 25 నాటి రిఫరెండంలో 66.4 శాతం ఓట్లతో తల్లికీ కడుపులోని బిడ్డకూ సమాన జీవన హక్కు ఇచ్చిన 1983 నాటి ఎనిమిదో సవరణను తన రాజ్యాంగం నుంచి తీసేసింది. 2019 జనవరి నుంచి 12 వారాల దాకా కారణం చెప్పనక్కర్లేకుండా అబార్షన్ అందుబాటులోకి వచ్చింది.

టెక్సస్‌లో డాక్టరు తల మీద వేలాడేవి

టెక్సస్‌లో రెండు చట్టాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. 2021 సెప్టెంబరు 1న వచ్చిన ఎస్‌బీ 8 ప్రకారం పిండంలో గుండె కదలిక కనబడ్డాక, అంటే సుమారు ఆరో వారం తర్వాత, అబార్షన్ చేసినవారిమీదా సాయం చేసినవారిమీదా ఎవరైనా దావా వేసి కనీసం 10,000 డాలర్లు రాబట్టుకోవచ్చు. 2022 ఆగస్టు 25న అమల్లోకి వచ్చిన రెండో చట్టం ఏ వారంలోనైనా అబార్షన్ చేయడాన్ని మొదటి తరగతి నేరం చేసింది: 5 నుంచి 99 ఏళ్ల జైలు లేదా యావజ్జీవం, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. మినహాయింపు ప్రాణాపాయానికీ, ఒక ప్రధాన అవయవం పని తీవ్రంగా దెబ్బతినే ప్రమాదానికీ మాత్రమే. ప్రమాదాన్ని అంచనా వేయాల్సింది ‘సహేతుకమైన వైద్య నిర్ణయం’తో. అంటే చికిత్స చేసిన డాక్టరు మనస్సాక్షిగా నమ్మినంత మాత్రాన సరిపోదు. రోగిని ఎన్నడూ చూడని మరో డాక్టరు కోర్టుకు వచ్చి ‘ఇంకా ఆగవచ్చు’ అని సాక్ష్యం చెప్పవచ్చు.

ఆ భయం ఆసుపత్రిలో ఎలా నడుస్తుందంటే: డ్యూటీ డాక్టరు కేసు చూస్తారు, రెండో డాక్టరు అభిప్రాయం రాయాలంటారు, ఆసుపత్రి లాయరుకు ఫోను, కొన్నిచోట్ల ఎథిక్స్ కమిటీ. రాత్రి రెండింటికి వీళ్లంతా దొరకరు. మత్తు డాక్టరూ థియేటర్ నర్సూ సహాయపడినట్టవుతుందేమోనని తటపటాయిస్తారు. షిఫ్టు మారితే కథ మళ్లీ మొదటికి. ఒక్కో మజిలీలో పోయేది గంటా రెండు గంటలే. కలిపితే ఒక పగలూ ఒక రాత్రీ.

దాని ఫలితం లెక్కల్లో కనబడింది. ఎస్‌బీ 8 వచ్చాక డాలస్‌లోని రెండు పెద్ద ఆసుపత్రుల్లో 22 వారాలలోపు ఉమ్మనీరు పోవడం వంటి సమస్యలతో వచ్చిన 28 మంది వివరాలను అక్కడి డాక్టర్లే 2022లో ప్రచురించారు. ప్రాణాపాయం గుర్తించేదాకా సగటున 9 రోజులు ఆగాల్సి వచ్చింది. 57 శాతం మందికి తీవ్రమైన అనారోగ్యం ఏర్పడింది. ఇలాంటి చట్టంలేని రాష్ట్రాల్లో వెంటనే గర్భం తీయించుకున్నవారిలో అది 33 శాతం. 28 చిన్న సంఖ్యే. అయితే రాష్ట్రమంతటి ఆసుపత్రి రికార్డులను ప్రోపబ్లికా వార్తాసంస్థ విశ్లేషించినప్పుడూ బాణం అటే చూపింది: రెండో త్రైమాసికంలో గర్భం పోయి ఆసుపత్రిలో చేరినవారిలో సెప్సిస్ రేటు 50 శాతానికి మించి పెరిగింది.

శిశువుల సంగతీ అంతే. 2021లో టెక్సస్‌లో ఏడాది నిండకుండా చనిపోయిన పిల్లలు 1,985 మంది, 2022లో 2,240 మంది. పెరుగుదల 12.9 శాతం. మిగతా దేశంలో 1.8 శాతమే. పుట్టుకతో వచ్చిన అవయవ లోపాలవల్ల జరిగిన మరణాలు అంతకన్నా వేగంగా పెరిగాయి. మెదడు, పుర్రె ఏర్పడని అనెన్సెఫలీ వంటివి కొన్ని ముందే తెలిసినా, చాలా లోపాలు తేలే అనామలీ స్కాన్ చేసేదే 18 నుంచి 22 వారాల మధ్య. ఆ తల్లులకు టెక్సస్ చట్టంలో మినహాయింపు లేదు. బతకదని తెలిసిన బిడ్డను నెలలు నిండేదాకా మోసి, నొప్పులు పడి లేదా సిజేరియన్ చేయించుకుని కనాలి. సిజేరియన్ మచ్చ తర్వాతి గర్భానికి తెచ్చే ప్రమాదం ఆమె ఖాతాలోనే పడుతుంది.

వైద్యం అందని మహిళలు వేసిన జురావ్‌స్కీ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు 2024 మే 31న ప్రమాదం ముంచుకొచ్చేదాకా ఆగనక్కర్లేదంది. 2025లో శాసనసభ చేసిన మరో చట్టం కూడా అదే మాటను రాతలో పెట్టింది. ఇది మేలే, కొందరు తల్లులు దీనివల్ల ముందుగా వైద్యం పొందుతారు. కానీ శిక్షలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, బిడ్డ లోపాలకు మినహాయింపు రాలేదు. 99 ఏళ్ల జైలు ఎదురుగా ఉన్నప్పుడు వివరణలు చదివి ధైర్యం తెచ్చుకోవడం అందరివల్లా కాదు.

ట్యూబులో గర్భం, మచ్చలో గర్భం

ట్యూబులో నిలిచిన గర్భానికి చికిత్స నిషిద్ధం కాదని టెక్సస్ చట్టం స్పష్టంగానే చెబుతుంది. ముందుగా దొరికితే శరీర వైశాల్యం చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్, నాలుగో రోజూ ఏడో రోజూ హెచ్‌సీజీ (గర్భ హార్మోను) పరీక్ష, ఆ రెంటి మధ్య కనీసం 15 శాతం తగ్గాలి. ఆలస్యమైతే ట్యూబు పగిలి కడుపులోకి రక్తం, అత్యవసర ఆపరేషన్.

చిక్కు నిర్వచనంలో ఉండేది. 2025 చట్టం రాకముందు అక్కడి చట్టం దృష్టిలో ఎక్టోపిక్ (ట్యూబులో నిలిచేలాంటి గర్భం) అంటే గర్భసంచి ‘బయట’ నిలిచినది. పాత సిజేరియన్ మచ్చలో నిలిచే గర్భం గర్భసంచి గోడలోనే ఉంటుంది. దాన్ని వదిలేస్తే మాయ గోడలోకి చొచ్చుకుపోయి లీటర్ల కొద్దీ రక్తం పోవచ్చు, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. నిపుణులు తొలి వారాల్లోనే తీసేయమంటారు, అప్పటికి గుండె కదలిక ఉంటుంది. ఇది తెలుగువాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. మొదటి బిడ్డను ఇక్కడ ఆపరేషన్‌తో కని, రెండో కాన్పుకు అమెరికాలో ఉన్నవాళ్లు ఆరు, ఏడు వారాల్లోనే స్కాన్ చేయించుకుని ‘గర్భం మచ్చకు ఎంత దూరంలో ఉంది’ అని అడగాలి.

మామూలుగా కడుపు పోయినప్పుడు కూడా ఆలస్యాలు పుట్టుకొచ్చాయి. స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు దాటినా గుండె కదలిక లేకపోతే, లేదా సంచి 25 మిల్లీమీటర్లు దాటినా పిండమే కనబడకపోతే గర్భం నిలవలేదని ఖాయం. అంత స్పష్టంగా ఉన్నా భయంకొద్దీ వారం ఆగి మళ్లీ స్కాన్ చేయించే చోట్లు ఉన్నాయి. మాత్రల విషయంలోనూ అంతే. కడుపు పోయినప్పుడు మిసోప్రోస్టాల్ ఒక్కటే ఇస్తే మొదటి విడతలో 67 శాతం మందికి పూర్తిగా శుభ్రమవుతుంది, ముందుగా మిఫెప్రిస్టోన్ ఇస్తే 84 శాతానికి పెరుగుతుంది. ఆ మందుకు అబార్షన్ మాత్రన్న ముద్ర ఉండటంతో చాలాచోట్ల మొదటి దారే మిగులుతోంది. ఫలితంగా ఎక్కువమందికి రెండో డోసో, గర్భసంచిని శుభ్రంచేసే డీ అండ్ సీ ఆపరేషనో అవసరమవుతుంది.

లూసియానా 2024 అక్టోబరు 1 నుంచి ఈ రెండు మందుల్నీ మత్తుమందుల్లాంటి నియంత్రిత జాబితాలో చేర్చింది. మిసోప్రోస్టాల్ కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని ఆపే మందు కూడా. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి, రక్తం ప్రవహిస్తుంది. ఇదివరకు పక్కనే బండిలో ఉండే మాత్రలు తాళం వేసిన అలమరలోకి వెళ్లడంతో, నర్సులు పరుగెత్తి తెచ్చేందుకు ఎంతసేపు పడుతోందో ఆసుపత్రులు గడియారం పెట్టి కొలుచుకోవాల్సి వచ్చింది.

డాక్టర్లు వెళ్లిపోతే

అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో శాండ్‌పాయింట్ పట్టణపు ఆసుపత్రి బోనర్ జనరల్ 2023లో కాన్పుల విభాగాన్నే మూసేసింది. కాన్పులు తగ్గడం, పిల్లల డాక్టర్ల కొరతతోపాటు రాష్ట్ర చట్టాలనూ కారణంగా చెప్పింది. 2024 తొలి నెలల్లో రాష్ట్ర నిషేధం అత్యవసర కేసుల్లోనూ అమలైనప్పుడు, అక్కడి పెద్ద ఆసుపత్రి వ్యవస్థ సెయింట్ లూక్స్ ఆరుగురు గర్భిణులను విమానాల్లో పక్క రాష్ట్రాలకు పంపింది. 2023 మొత్తంలో అలా పంపింది ఒక్కరినే. ప్రసూతి డాక్టరు ఊరు వదిలితే మధుమేహం ఉన్న గర్భిణి, కవలలు మోస్తున్న తల్లి, అబార్షన్‌ను గట్టిగా వ్యతిరేకించే కుటుంబపు కోడలు, అందరూ నష్టపోతారు.

నిషేధం ఎక్కువకాలం నిలిస్తే ఏమవుతుందో రొమేనియా చూపించింది. 1966 అక్టోబరులో చౌషెస్కూ ప్రభుత్వం డిక్రీ 770తో అబార్షన్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది. మరుసటి ఏడాది జననాలు దాదాపు రెట్టింపయ్యాయి, తర్వాత జనం దొంగచాటు దారులు వెతుక్కోవడంతో మళ్లీ తగ్గుతూ వచ్చాయి. తల్లుల మరణాలు మాత్రం లక్ష జననాలకు 86 నుంచి 1980లలో 150 దాటాయి. వాటిలో అత్యధికం నాటు అబార్షన్లవల్లే. 1989 డిసెంబరులో డిక్రీ రద్దయింది. ఒక్క ఏడాదిలో తల్లుల మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఏడాదిలో కొత్త ఆసుపత్రులు లేచింది లేదు, కొత్త మందులు వచ్చింది లేదు.

ఇక్కడి చట్టం, అక్కడి జాగ్రత్తలు

భారత్‌లో 1971 నాటి ఎంటీపీ (గర్భస్రావ) చట్టం, 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాలకు 24 వారాల దాకా ఇద్దరిది కావాలి, బిడ్డకు తీవ్ర లోపాలుంటే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు అనుమతించవచ్చు. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే ఐదో సెక్షన్ కింద వారాల పరిమితి లేదు, ఒక్క డాక్టరు చాలు. పదిహేడో వారంలో ఉమ్మనీరు పోయిన కేసు విజయవాడలోనో వరంగల్‌లోనో డాక్టరుకు వైద్య నిర్ణయమే, లాయరుతో పని లేదు. మన దగ్గర కొరత వేరేచోట ఉంది: లింగనిర్ధారణ నిషేధ చట్టం తనిఖీలకు జడిసి మందుల షాపులు అబార్షన్ మాత్రలు పెట్టుకోకపోవడం, డాక్టర్లు నాలుగో నెల దాటిన కేసులు తీసుకోకపోవడం. చట్టం అనుమతించినా భయం ఆపగలదని ఇది చెబుతుంది.

టెక్సస్ వంటి రాష్ట్రంలో ఉన్న గర్భిణి ముందుగా తెలుసుకోవాల్సింది, అక్కడి అబార్షన్ చట్టం శిక్షించేది గర్భిణిని కాదని. హెచ్4 వీసా మీద ఉన్నామని భయపడి లక్షణాలు దాచుకుంటే ప్రమాదం రెట్టింపవుతుంది. టెక్సస్ ఆసుపత్రులకు ప్రసూతి సేవల్లో ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయిలు ఉంటాయి. నాలుగో స్థాయి ఉన్నచోట హైరిస్క్ గర్భాల నిపుణులు రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటారు. ఇంటికి దగ్గర్లో అలాంటిది ఏదో నాలుగో నెలకు ముందే కనుక్కోవాలి. మొదటి విజిట్లలోనే డాక్టరును ‘ఇరవై వారాలలోపు ఉమ్మనీరు పోతే మీ ఆసుపత్రి ఏం చేస్తుంది’ అని అడగవచ్చు. సూటిగా జవాబివ్వగలిగేవారు దాని గురించి ముందే ఆలోచించి ఉంటారు. లోపాలు తొందరగా తెలియాలంటే 11 నుంచి 14 వారాల స్కాన్, రక్తపరీక్ష వాయిదా వేయకూడదు. వేరే రాష్ట్రానికి వెళ్లాలంటే దూరాలు తక్కువ కావు: డాలస్ నుంచి న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీ సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఉమ్మనీరు పోయాకో రక్తస్రావం మొదలయ్యాకో కారులో పది గంటలు ప్రయాణం చేయడం ప్రమాదం. అలాంటప్పుడు అడగాల్సింది ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి అంబులెన్సులో తరలింపు.

ఉమ్మనీరు పోయిన మనిషిని ఇంటికి పంపేస్తుంటే, ఏ లక్షణం కనబడితే తిరిగి రావాలో, ఎన్ని గంటలకోసారి జ్వరం చూసుకోవాలో, నేరుగా ఎవరికి ఫోన్ చేయాలో రాసిమ్మని అడగాలి. ఇంట్లో థర్మామీటరు తప్పనిసరి. అక్కడి థర్మామీటర్లు ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి, 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. వణుకు, దుర్వాసన, గుండె దడ, అయోమయంగా మాట్లాడటం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా జ్వరం లేకపోయినా బయల్దేరాలి. ఎమర్జెన్సీలో మొదటి మాటగా ‘ఉమ్మనీరు పోయి ఇన్ని గంటలైంది, ఇన్ఫెక్షన్ అనుమానం’ అని చెప్పి, సెప్సిస్‌ను పట్టే లాక్టేట్, రక్తం కల్చర్ పరీక్షలకు రక్తం తీశారా అని అడగాలి. ఆ మాటలు కేస్ షీటులోకి ఎక్కితే, ముప్పు ఎప్పుడు మొదలైందో చూపే రాత అప్పుడే మొదలవుతుంది. గర్భం తీయాలనుకునే డాక్టరుకు చట్టం ముందు అక్కరకొచ్చేది ఆ రాతే.